ఇంటి కుదురు: కాయకమా, కాలక్షేపమా?

మా యింట భోజనపు బల్లపై అన్నపు గిన్నె క్రింద నుండు నొక చిన్న వస్తువును గూర్చి యీ వ్యాసము వ్రాయబూనితిని. అది జానెడు వెడల్పును, జానెడుకు కొంచెము మించిన పొడవును గల నూలు అల్లిక. చూచుటకు ఇల్లువలె నుండును. గోధుమ రంగు గోడ, ఎఱ్ఱని కప్పు, నడుమ ఆకుపచ్చని తలుపు, కప్పు కొనయందు మేకునకు తగిలించుటకై యొక చిన్న ఉంగరము. పొయ్యిమీది నుండి దించిన గిన్నెను దానిపై నుంచినచో వేడి బల్లకు తగులదు. దాని పని అంతియే. ఇంత స్వల్పవస్తువును పట్టుకొని ధర్మవిచారమునకు దిగుట యేల యని పాఠకమహాశయులు నవ్వుకొనవచ్చును. నేనును మొదట నవ్వినవాడనే. ఆ నవ్వు నాకే యెదురు తిరిగిన వైనమును చెప్పి, దానివలన కలిగిన సందేహములను పెద్దల ముందుంచుట నా యుద్దేశము.

మా పెద్దవాడు భూపాలపల్లి బొగ్గుగనులలో పనిచేయుచున్నాడు. వాని యిల్లాలు మానుకోట పిల్ల. నేడు మహబూబాబాదని వ్రాయుచున్నాము గాని మా తరమువారి నోట నది మానుకోటయే. అచ్చట వారి పొరుగున రైల్వే ఉద్యోగి కుటుంబ మొకటి యుండెడిది. ఆ యిల్లాలిది గోదావరి తీరపు నరసాపురము. ఆమెయొద్ద మా కోడలు చిన్ననాడే కొక్కెపు సూదితో దారము అల్లుట నేర్చినది. క్రోషియా యనుచున్నారే, ఆ పని. రెండేండ్ల క్రిందట జనగామలో మేము పాత పెంకుటింటిని విప్పి స్లాబు ఇల్లు కట్టుకొంటిమి. గృహప్రవేశమునకు బంధువులు స్టీలు సామానులు, గోడగడియారములు తెచ్చిరి. కోడలు తాను అల్లిన యీ యింటి బొమ్మను తెచ్చినది. "ఇదేమి వస్తువు?" అని యొకరు అడుగగా నేను చులకనగా, "ఏమున్నది! కాలక్షేపమునకు ఏదో యొకటి అల్లుకొనుచుండును" అంటిని. కోడలు విన్నది, మాటాడలేదు. మా యింటావిడ మాత్రము లోపలికి వచ్చిన పిమ్మట, "గది కుదురు. కుదురుకు వంక పెడ్తరా?" అని గట్టిగనే అన్నది.

అన్నదే కాని, ఆమెయు దానిని కుదురుగా వాడలేదు. చెడిపోవునను భయముచేత అద్దాల బీరువాలో, వెండి కుంకుమభరిణె ప్రక్కన నిలబెట్టినది. నాలుగు నెలల తరువాత కోడలు పండుగకు వచ్చి చూచి, అద్దము జరిపి దానిని తీసి, పొంగుచున్న పప్పుచారు గిన్నెను దించి దానిమీదనే పెట్టినది. ఎఱ్ఱని కప్పుపై పసుపు మరక పడినది. మా యింటావిడ అయ్యో అన్నది. "పెట్టనీకే చేసిన గద అత్తమ్మా" అని కోడలు తన పని తాను చూచుకొన్నది. ఆనాటినుండి ఆ మరక నన్ను విడువలేదు. నేను దానిని కాలక్షేపమంటిని. నా భార్య దానిని అలంకారము చేసినది. చేసినామె మాత్రము దానిని పనిలో పెట్టినది. ముగ్గురిలో నెవరు దానిని సరిగా చూచిరి?

తెలుగు పండిత శిక్షణ పొందినవాడ నగుటచే, సందేహము కలిగినపుడు ముందు మాటను పట్టుకొని లాగుట నాకలవాటు. కుదురు అనగా కుండ దొర్లకుండ దాని క్రింద పెట్టు చుట్ట. గుండ్రని అడుగు గల మట్టికుండ ఒంటరిగా నేలపై నిలువజాలదు. వరిగడ్డితోనో, ఈతాకుతోనో, పాతచీర పేలికతోనో చుట్టచేసి దానిపై నిలుపుదురు. నీళ్లబిందె మోయు స్త్రీ తలపై పెట్టుకొను చుట్టబట్టయు ఆ జాతిదే. ఈ వస్తువు పేరు నిలకడకును పేరుగా నున్నది. బడిలో పిల్లలను "కుదురుగా కూర్చుండుడు" అని దినమునకు నూఱుమార్లు అందుము. నిలకడ లేనివానిని కుదురు లేనివాడందుము. నాటు వేసిన వరిమొక్కల గుబురు కుదురు. పెండ్లి కుదురును, బేరము కుదురును, జ్వరపడినవానికి ఒడలు కుదురును. జీవితములో నిలువవలసిన దేది నిలిచినను తెలుగువాడు ఆ కుండ క్రింది చుట్టనే తలచుకొన్నట్లు తోచును. ఇన్ని కుదురులు నోట నుండగా, కంటి యెదుటి కుదురును మాత్రము మనము చూడము. కుండ నిలిచినంతవఱకు అది కనబడదు. దొర్లిననాడు "కుదురేది?" అని వెదకుదుము.

మా జనగామకు చేరువనే పెంబర్తి యున్నది. కాకతీయుల కాలమునుండి వచ్చుచున్న విద్యగా అచ్చటి విశ్వకర్మలు ఇత్తడి రేకును కొట్టి తీర్చు కవచములు, కలశములు, ప్రభావళులు దేశమంతట ప్రసిద్ధములు. 2010లో ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. తగిన గౌరవమే. కాని ఆ కలశమును నిలుపు కుదురును చేసిన చేతిని ఎవరైన అడిగినారా? నాకు తెలిసి మా ప్రాంతమున కుదురును గౌరవించినవారు లంబాడ స్త్రీలు. వారు ఇండోణి యను తలకుదురును గవ్వలతోను, అద్దపు ముక్కలతోను, రంగు దారములతోను తీర్చి వేడుకలందు బిందె క్రింద ధరింతురు. మానుకోట తండాల ప్రక్క బడులలో పనిచేసిన దినములలో దానిని చూచి, మోతబరువునకు ఇంత సొగసు ఎందులకని అనుకొంటిని. మోయువారికి తెలియును.

గత వేసవి సెలవులలో పదిదినములు భూపాలపల్లిలో కొడుకింట నుంటిని. ఎండకు బయటికి పోవ వీలులేక, పగలెల్ల ఇంటిలోనే కూర్చుండి మొదటిసారిగా ఆ పనిని ఆసాంతము చూచితిని. తెల్లవాఱుజామున కొడుకు మొదటి షిఫ్టునకు పోవును. వానికి డబ్బా కట్టుట, పిల్లను లేపుట, నీళ్లు పట్టుట, వంట. ఈ పనుల సందులలో ఆమె చేతికి సూది వచ్చును. కుక్కరు మూడు కూతలు కూయునంతలో రెండు వరుసలు. పిల్ల నిద్రించు గంటలో పది వరుసలు. మొత్తము లెక్కించి చూడగా ఒక కుదురునకు ఆఱుగంటలు పట్టినది. ఆ ఆఱుగంటలు నాలుగు దినములలో ముక్కలు ముక్కలుగా చెదరి యున్నవి గాన ఎవరికిని కనబడవు. నేనును లెక్కించి యుండనిచో నాకును కనబడెడివి కావు.

పని యిట్లు సాగును. మొదట ఒక మడిలోనుండి మఱియొక మడిని లాగుచు ముప్పది గొలుసులు వేయుదురు. అది పునాది. దానిపై వరుస వెంబడి వరుస లేచును. తలుపు వచ్చుచోట రంగు దారము మార్చి, ఆ దారము వెనుక వ్రేలాడకుండ లోపలనే త్రొక్కవలయును. గోడ పూర్తియైన పిదప ఇరువైపుల నాలుగేసి గొలుసులు పెంచి చూరు తీయుదురు. అచ్చటినుండి ప్రతి వరుసయందును ఇరుప్రక్కల నొక్కొక్క మడిని తగ్గించుచు పోగా కప్పు కొన తేలును. ఒక మడి లెక్క తప్పినచో ఇల్లు ఒకవైపునకు ఒరుగును. అప్పుడు విప్పవలసినదే. దారపు కొస పట్టి లాగినచో రెండు గంటల పని రెండు నిమిషములలో మఱల దారమగును. ఆమె యొకసారి అట్లు విప్పుట చూచి నాకే ప్రాణము ఉసూరుమన్నది; ఆమె ముఖమున మాత్రము మార్పు లేదు.

ఇట్టి పలకలు రెండు చేసి, వెన్నుకు వెన్ను ఆనించి అంచులు అల్లుదురు. ఆ రెంటి నడుమ, మడుల సందులలో నిలిచిన గాలియే వేడిని ఆపును. దారము నూలుదే కావలయును. బజారులో ఉన్ని యని అమ్ము రంగురంగుల దారములలో చాలభాగము ఆక్రిలిక్కు. అది చూచుటకు మెఱయును గాని మిక్కుటమగు వేడికి మెత్తబడి, కరగి గిన్నెకు అంటును. మఱియు కుదురు తడిసి యుండరాదు. తడి వస్త్రముగుండ వేడి సూటిగ చేతికి వచ్చును. ఈ సంగతులన్నియు మా కోడలు ఏ పుస్తకములోను చదువలేదు. సామాన్యశాస్త్రము చెప్పు మా తోటి యుపాధ్యాయుడు ఇదే విషయమును ఉష్ణవాహకత యను పాఠముగా రెండు పీరియడ్లు చెప్పును.

ఆమె చూచు నమూనా పుస్తకములో ఇంటికప్పుపై పొగగొట్టము కూడ నుండెను. ఆమె దానిని విడిచిపెట్టినది. "మనకు పొగగొట్టం యాడిది మామయ్యా" అని నవ్వినది. నిజమే, పొయ్యి పొగ గూనపెంకుల సందులనుండియే పోయెడిది. అప్పుడు నాకొక సందేహము కలిగినది. మా క్రొత్త యింటికి కప్పు చదును. ఈ యల్లికలోనిది వాలుకప్పు. ఇది యెవరి యిల్లు? అడిగితిని. "మన పాతిల్లే గద. తలుపు గూడ గదే రంగు. కూలగొడ్తున్రని చేసిన" అన్నది. గృహప్రవేశమునాడు నేను నలుగురియెదుట నవ్విన వస్తువు, నేను పుట్టి పెరిగిన యిల్లు. నేను దానిని గుర్తుపట్టలేదు. ముప్పదియేండ్లకు పైగా పద్యములకు తాత్పర్యము చెప్పినవాడను, నా గుమ్మము నాకు తెలియలేదు!

ఆ దినములలోనే మఱియొకటి జరిగినది. ఒక దుకాణదారుడు ఈ కుదురులను చూచి, ఒక్కొక్కదానికి ఎనుబది రూపాయలిత్తును, నెలకు ఇరువది ఇమ్మని అడిగెను. దారమునకు ముప్పది పోగా మిగులునది ఏబది. ఆఱుగంటలకు పంచినచో గంటకు ఎనిమిది రూపాయలు, పైచిల్లర. ఎనిమిది గంటలు వంచిన తల యెత్తక చేసినను దినమునకు డెబ్బది రూపాయలు కావు. 2025-26 సంవత్సరమునకు ఉపాధిహామీ పనిలో తెలంగాణకు నిర్ణయించిన దినకూలి 307 రూపాయలు. ఇంత తక్కువ యేమని కోడలు అడిగినది. ఆతడు కోపపడలేదు, మోసపు మాటయు ఆడలేదు. "ఇంట్ల ఊరికె కూసొని చేసేదే గదమ్మా, కాలక్షేపానికి" అనెను.

ఆ మాట వినినప్పుడు నా చెవులు వేడెక్కినవి. అది నా మాటయే. గృహప్రవేశమునాడు మర్యాదకొఱకు నేను వాడిన మాట, ఆతని చేతిలో తూకపురాయి యైనది. ఇంటిపెద్ద విలువ కట్టని వస్తువునకు వర్తకుడు విలువ కట్టవలెనని కోరుట యెట్లు?

ఇది మా యింటికథ మాత్రమే కాదు. కోడలికి విద్య నేర్పిన యిల్లాలి నరసాపురముననే ఇంతకంటె పెద్ద దృష్టాంత మున్నది. 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మాక్రే యను మిషనరీ దంపతులు గోదావరి ప్రాంతపు స్త్రీలకు ఈ లేసుపనిని నేర్పిరని చెప్పుదురు. దాదాపు ఆ కాలముననే ఐర్లండులో కఱవు తాండవింపగా, అచ్చటి పేదయిండ్లలో కొక్కెపు సూదియే గంజి పోసినది. ఒకే పనిముట్టు, రెండు కఱవునేలలు. నరసాపురపు లేసు సముద్రములు దాటి దొరల బల్లలపై పఱచుకొన్నది. జర్మనీ దేశపు సమాజశాస్త్రవేత్త మారియా మీస్ ఈ స్త్రీల బ్రతుకును పరిశీలించి 1982లో నొక గ్రంథము ప్రకటించినది. అందు ఆమె చూపిన విషయము మన హృదయములను కదలింపవలసినది. ఆ స్త్రీలు ఇంటిపనులన్నియు చేసికొని, అదిగాక దినమునకు ఆఱునుండి యెనిమిది గంటలు లేసు అల్లుచుండిరి. ఐనను వారిని పనివారని ఎవరును అనలేదు. వారు గృహిణులు, తీరికవేళ అల్లుకొనువారు! తీరిక యను పేరు పెట్టినందువలననే కూలి తగ్గినది. ఒకరు పూవులు మాత్రమే అల్లుదురు, మఱొకరు అంచులు, వేఱొకరు అతుకుపని. కాన తాను చేసిన ముక్క చివరికి ఏమైనదో, ఏ ధర పలికినదో చేసినామెకు తెలియదు. తెలిసినవాడు మధ్యవర్తి. 2024లో నరసాపురపు లేసుకును భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఊరిపేరునకు గౌరవము దక్కినది, సంతోషమే. చేతికి దక్కినది ఎంతయని ఇకమీద చూడవలయును.

ఇచ్చట పాఠకులు గమనింపవలసిన విశేషమొకటి కలదు. చలికోట్లు అల్లు యంత్రములు వచ్చి శతాబ్దములు గడచినవి. ఈ కొక్కెపు సూది పనిని మాత్రము చేతితో చేసినంత యథాతథముగా చేయు యంత్రము కర్మాగారములలో వాడుకలోనికి రాలేదు. కాన అంగడిలో మీ కంటబడు ప్రతి క్రోషియా వస్తువును ఎవరో యొకరు ఒక్కొక్క మడియే లాగి చేసినదే. అది మిక్కిలి చవుకగా దొరకినదనిన, ఆ చవుక యంత్రము పుణ్యము కాదు.

వర్తకుని నిందించుట సులభము. నా దోషమును చెప్పుకొనుట అంత సులభము కాదు. 2011 జనగణనలో అనేకులు ఉపాధ్యాయులవలె నేనును గణకుడనై యిల్లిల్లు తిరిగితిని. గత సంవత్సరమున ఏదేని పనిచేసిరా యని ప్రతి మనిషిని గూర్చియు అడిగి వ్రాయవలయును. మానుకోట వైపు నొక యింట గడపలో నిలిచిన కొడుకును, "మీ అమ్మ ఏమి పని చేయును?" అని అడిగితిని. "ఏం పని జెయ్యది సారూ, ఇంట్లనే ఉంటది" అనెను. గృహకృత్యములు అని గుర్తు పెట్టి ముందుకు కదలితిని. ఆ ముసలమ్మ వాని వెనుక అరుగుపై కూర్చుండి ఈతాకుతో కుదురు అల్లుచుండెను. ప్రక్కన ఇరువదివఱకు దొంతి పెట్టి యున్నవి, మఱునాటి అంగడికి. నేను చూచితిని. చూచియు ఆమెను అడుగలేదు. ఎండ ముదురుచుండెను, నా జాబితాలో ఇంకను నలుబది యిండ్లుండెను. అమ్మకమునకు అల్లినచో నియమము ప్రకారము అది కుటీరపరిశ్రమ. ఆమె పనిచేయు మనిషి. ఒక్క ప్రశ్న యడిగినచో ఆమె పేరు వేఱొక గడిలో నుండెడిది. అట్లు నా చేతిమీదుగ ఎందఱు పని లేనివారైరో!

నియమమునందును ఆలోచింపవలసిన దున్నది. ఒకే కుదురు, అవే చేతులు, అదే దారము. అంగడికైనచో పని, తన యింటి బల్లకైనచో పని కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతము లేని యింటిపనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు వానిపై వెచ్చించుచున్నట్లును, అట్టి పని చేయు పురుషులు 97 నిమిషములు వెచ్చించుచున్నట్లును తేలినది. ఐదుగంటలన్న మాట. కాలమునైన లెక్కించిరి, మంచిదే.

బసవేశ్వరుని కాలమునందలి శరణులు ఈ ప్రశ్నను ఎట్లు చూచిరి? వారు కాయకమునకు ఇల్లు, వీధి యను భేదము పెట్టినట్లు కనబడదు. నులియ చందయ్య గడ్డి కోసి త్రాళ్లు పేనువాడు. దారమునకు త్రాడు అన్నగారే కదా! గడ్డి కోయునపుడు మెడలోని లింగము నీట జారినను ఆతడు పని నాపలేదని కథ చెప్పుదురు. ఆయ్దక్కి లక్కమ్మ కథ మఱింత సూక్ష్మమైనది. భర్త మారయ్య రాలిన బియ్యపు గింజలు ఏరి తెచ్చును. ఆమె వండి దాసోహము చేయును. ఒకనాడు ఆతడు అలవాటుకంటె ఎక్కువ తెచ్చెను. ఆమె దానిని లోనికి రానీయలేదు. మిగిలినది తిరిగి పోసి రమ్మనెను. ఏరినది భర్త, కొలిచినది భార్య. ఎంత చాలునో, ఎంత అధికమో తెలిసిన కన్ను పొయ్యి ముందరనే యున్నది. మన ఉపన్యాసములలో మారయ్య కాయకమును చెప్పుదుము. లక్కమ్మ పొయ్యి ముందు చేసిన దానిని కాయకమని ఎన్నిసార్లు అంటిమి? నేను మఠములలో కాయకముపై మూడుసార్లు ప్రసంగించితిని. ఒక్కసారియు అనలేదు.

ఐతే ఇచ్చట నాకొక భయము కలదు. "ఇంటిపని పవిత్రము, అది దాసోహము, దానికి వెల కట్టరాదు" అని గంభీరముగా పలుకుచు, వెల ఎగవేయు పెద్దమనుష్యులు మనలోనే యున్నారు. పొగడ్తకు పైస ఖర్చు లేదు. శరణులు కాయకమును పూజగా భావించిరి. కాని దాని ప్రతిఫలమును తీసికొనియే దాసోహము చేసిరి. చందయ్య త్రాళ్లు అమ్మినాడు. అమ్మినదానికి తగిన వెల రావలయును. ఇచ్చినదానికి వెల అడుగరాదు. ఇచ్చుటయా, అమ్ముటయా యని నిర్ణయించు హక్కు చేసినవారిది. కోడలు మాకిచ్చిన కుదురునకు నేను డబ్బు చేత పెట్టినచో అవమానము. దుకాణమునకు ఇచ్చునదానికి "కాలక్షేపమే కదా" యని నేను తగ్గించి చెప్పినచో అన్యాయము.

మఱియొక ఆక్షేపణ యున్నది. దీనిని మా మిత్రుడొకడు తీక్ష్ణముగనే అడిగెను. గిన్నె క్రిందికి పాతగుడ్డ మడత చాలదా? ఇల్లు, కప్పు, తలుపు ఎందులకు? అవసరమునకు మించిన సొగసు ఆశయే కదా, లక్కమ్మ తిరుగగొట్టిన అధికపు గింజలవంటిదే కదా యని. ఈ ప్రశ్నను నేను తేలికగా త్రోసివేయజాలను. బీరువాలో నున్న నాలుగు నెలలు ఆ కుదురు అట్టి యధికమే. అది ఎవరి వేడిని భరింపలేదు, ఎవరి బరువును మోయలేదు. వచ్చినవారికి చూపుటకు మాత్రము పనికివచ్చినది. ఆ దోషము దానిది కాదు, మాది. కాని పప్పుచారు గిన్నె క్రిందికి వచ్చిన తరువాత దాని తలుపు రంగు వృథా యనగలనా? ఆ తలుపును చూచినపుడెల్ల మా నాయన దానిని త్రోసికొని లోపలికి వచ్చినట్లుండును. పాతగుడ్డ ఆ పని చేయదు. మిత్రుడు ఒప్పుకొనలేదు. మేమిద్దఱమును ఇంకను వాదించుకొనుచునే యున్నాము.

కోడలు ఆ దుకాణదారునికి కబురు పంపినది: నూటయేబదికి తగ్గదనియు, నెలకు ఇరువది కాదు, ఎనిమిది మాత్రమే చేయుదుననియు. ఆతడు కొంత బెట్టు చేసి నాలుగింటికి ఒప్పుకొన్నాడు. గంటకు ఇరువది రూపాయలు. ఇదియు చాలదు. చాలదని ఆమెకు తెలియును.

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడి, 2027 మార్చి 1వ తేదీ ప్రాతిపదికగా జరుగునట్లు నిర్ణయమైనది. గణకులుగా మఱల ఉపాధ్యాయులనే పంపుట వాడుక. నాకు పదవీవిరమణ దగ్గఱపడినది. ఉత్తర్వు వచ్చినను రావచ్చును. గతనెలలో కోడలు జనగామకు వచ్చి, క్రొత్తయింటి గడపలో కూర్చుండి, ఇంకొక కుదురునకు కప్పు తగ్గించుచుండెను. నేను ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, "అమ్మా, రేపు ఆ కాగితము నా చేతికి వచ్చినచో నీ పని యేమని వ్రాయమందువు?" అని అడిగితిని. ఈసారి గడపలోని మగవానిని కాక, చేయుచున్న మనిషినే అడిగితిని.

ఆమె తల యెత్తలేదు. పెదవులు కదలుచుండెను, మడులు లెక్కించుకొనుచున్నది.

"ఆగుండ్రి మామయ్యా. గీ వరుస అయినంక చెప్త. నడుమ మాట్లాడితే లెక్క తప్పుతది" అనెను.

నేను ఆగితిని.